పదిహేడు అంగుళాల ముగ్గు

ఒక అబద్ధం నలుగురి నోళ్లలో స్థిరపడుతున్నప్పుడు, నిజం తెలిసినవాడు మౌనంగా కూర్చోవడం ఆ అబద్ధం కింద సంతకం పెట్టడమే. ఆ సంతకం నేను ఇప్పటికే రెండుసార్లు పెట్టాను. మూడోసారి పెట్టడానికి మనసు ఒప్పక ఇది రాస్తున్నాను.

కిందటి ఆదివారం ఐర్లండులో, డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. వ్రతం ముగిసింది. కాగితపు పళ్లేల్లో పులిహోర పెట్టారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషికి నేనెవరో తెలియదు. ఆయన తన కొడుకును మందలిస్తున్నాడు.

"ఫారమ్‌లో అబద్ధం రాస్తే ఏమవుద్దో తెలుసా నీకు? ఈ చుట్టుపక్కలే ఒకమ్మాయి ఉండేదంట, బేస్‌బాల్ ఆడేది. వయసు తగ్గించి రాసి టీమ్‌లో దూరింది. పాస్‌పోర్ట్ అడిగేసరికి దొరికిపోయింది. తన పరువే కాదు, టీమ్ మొత్తం పరువు తీసింది."

కొడుకు ఫోనులోంచి తల ఎత్తకుండా "గ్రాండ్, డాడ్" అన్నాడు.

ఆ అమ్మాయి నా మనుమరాలు. ఆమె అబద్ధం రాయలేదు. రాసినవాణ్ని నేను. ఆ మాట అక్కడే చెప్పవలసింది. నేను పులిహోరలో ఎండుమిరపకాయ ఏరి పక్కన పెట్టుకుంటూ ఉండిపోయాను. అది రెండో సంతకం. మొదటిది ఎక్కడ పెట్టానో వరుసగా చెబుతాను.

ఇందులో పేర్లు ఉండవు, తేదీలూ ఉండవు. పేర్లు ఎందుకు లేవో చదువరులే గ్రహించగలరు. తేదీలు రాసే అధికారం నేను పోగొట్టుకున్నాను.

ఇంటికి వచ్చి మెట్ల కింద ఉన్న ప్రెస్ తలుపు తీశాను. ఈ దేశంలో అల్మారాను ప్రెస్ అంటారు. పాత గొడుగుల వెనుక, ప్లాస్టిక్ సంచిలో, ఆమె బంతి పట్టేందుకు తొడిగే ఎడమచేతి గ్లవ్ ఉంది. తోలు బిగుసుకుపోయింది. సంచి విప్పగానే కొబ్బరినూనె వాసన, కాస్త ముక్కిన వాసన, ముఖానికి కొట్టింది.

నేను ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉండి విరమించినవాణ్ని. గంట కొట్టిన తరువాత ఒక్క అడుగు కూడా వరండాలో వినపడకూడదన్నది నా నియమం. భార్య పోయాక అమ్మాయి దగ్గరికి, ఈ తడి దేశానికి వచ్చాను. అల్లుడు డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పొద్దున రైలెక్కితే సాయంత్రం దిగేవాడు. మనుమరాలికి అప్పటికి పద్నాలుగు నిండి పదిహేను నడుస్తున్నది. ఆరో ఏడు వరకు మా ఇంట్లో పెరిగిన పిల్ల కనుక, తల్లిదండ్రులకు ఇంగ్లీషులో జవాబిచ్చినా నాతో మాత్రం తెలుగే మాట్లాడేది. యాస ఐర్లండుది, మాటలు మా ప్రకాశం జిల్లావి. ఆ కలయిక విని నవ్వనివాడు లేడు, నేను తప్ప.

వచ్చిన మూడో రోజున, తెల్లవారి ఆరు గంటలకు, పెరట్లో దబ్ దబ్ మని చప్పుడు. కిటికీలోంచి చూశాను. సన్నని వానలో ఆ పిల్ల ఒక్కతే నిలబడి పెరటి గోడకు బంతి విసురుతున్నది. గోడ మీద తెల్లగా ఏదో బొమ్మ. బయటికి వెళ్లి చూస్తే, తడిపిన ముగ్గుపిండితో గీసిన ఒక వంకర చతురస్రం.

"ఏందిది?"

"స్ట్రైక్ జోన్, తాతయ్యా. పిచర్ విసిరిన బంతి ఈ డబ్బాలోంచి పోవాలి. బయటికి పోతే దండగ."

"ఇది డబ్బానా? ఒక మూల పైకి, ఒక మూల కిందికి. ఎన్ని అంగుళాలు ఉండాలి వెడల్పు?"

"సెవెన్‌టీన్. పదిహేడు."

"మరి ఇది ఇరవై ఉంది."

"ఉంటే ఉందిలే. ఇట్స్ గ్రాండ్."

గ్రాండ్ అన్న ఆ మాటంటే నాకు ఆనాడూ గిట్టదు, ఈనాడూ గిట్టదు. పని అయినా గ్రాండే, కాకపోయినా గ్రాండే. మనిషి ఎదుట తలుపు మర్యాదగా మూసే మాట అది. నేను లోపలికి పోయి నా చెక్క స్కేలు తెచ్చాను. పదిహేడు అంగుళాలు కొలిచి, మోకాలి ఎత్తు నుంచి రొమ్ము ఎత్తు వరకు నాలుగు మూలలా గోడ మీద మేకుతో నాలుగు గాట్లు పెట్టాను. ఇష్టం ఉండి కాదు. వంకర గీత కళ్లెదుట ఉంటే నాకు కాఫీ దిగదు. వాన రోజూ ముగ్గును కడిగేసేది. ఆమె రోజూ గాట్ల ఆధారంగా మళ్లీ గీసేది. అమ్మాయి పండుగకని తెచ్చుకున్న ముగ్గుపిండి పదిరోజుల్లో అయిపోయింది.

"నాన్నా, అది ఆడిందంటే దానికి బుద్ధి లేదనుకోవచ్చు. నువ్వు స్కేలు పట్టుకొని నిలబడతావేంది?" అని మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది.

నేను ఆటను సమర్థించలేదు. ఆమె ఎదుటే మనుమరాలిని తిట్టాను. ఇన్ని గంటలు గణితానికి పెట్టి ఉంటే తరగతిలో మొదట నిలిచేదానివన్నాను. ఆడపిల్ల మగపిల్లల మధ్య టోపీ పెట్టుకుని తిరగడమేమిటన్నాను. ఆ పిల్ల పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మాగాయ టెంక చప్పరిస్తూ, అన్నీ విని, "అయిందా తాతయ్యా? నాకు ఇంకా నలభై ఉన్నాయి" అని లేచిపోయింది.

రోజుకు నూట ఇరవై విసుర్లు. బడికి ముందు ఎనభై, వచ్చాక నలభై. ఆ లెక్క ఒక్కటీ తెలుగులోనే, నా భార్య మెట్లెక్కిస్తూ నేర్పిన రాగంలోనే, ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టేది. నడిమి వేలు బొబ్బలెక్కి పగిలితే పసుపు అద్దుకుని, విసరకూడని రోజున ఎడమచేతి గోళ్లు కొరుక్కుంటూ గోడవంకే చూసేది. నా తలనూనె సీసా వారం తిరగకుండా ఎందుకు అడుగంటుతున్నదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. గ్లవ్ మెత్తబడాలని రోజూ దానికి పట్టించేదట. తెలిసిన రోజున చెవి మెలిపెట్టాను. మర్నాడు సీసాలో నీళ్లు కలిపి నింపి పెట్టింది. అలా కలవదని ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రంలో ఉన్నదని చెప్పి రెండో చెవి కూడా మెలిపెట్టాను.

ఆమె కోరిక ఒక్కటే. పదహారేళ్ల లోపు పిల్లలకు ఈ దేశం తరఫున ఒక జట్టు ఉంది. ఆ జట్టులో చేరి, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, యూరప్‌లో జరిగే పోటీలో బంతి విసరాలి. అందులో అంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా లేదు.

మనవాళ్ల ఇళ్లలో ఆ కోరికకు దక్కిన మర్యాద కూడా రాయాలి. ఒక పుట్టినరోజు విందులో, తెలంగాణ నుంచి వచ్చిన ఒక ఇల్లాలు బగారన్నం వడ్డిస్తూ, "గదేం ఆటనమ్మా? మన పిల్లలు క్రికెట్ ఆడ్తరు, గది సుత ఇంటర్ దాంక. నీ బిడ్డ చెయ్యి జూడు, హమాలీ చెయ్యి లెక్కయింది" అన్నది. చుట్టూ అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. పిల్ల ఆ చేతిని వెనక్కి దాచుకోలేదు. చాచి, "ఇంకొంచెం పెట్టండి ఆంటీ" అన్నది. ఆ జవాబు నాకు నచ్చింది, నచ్చినట్టు చెప్పలేదు.

ఆమె ఆడే క్లబ్బు శిక్షకుడు ఒక ఐరిష్ బస్సు డ్రైవరు. యవ్వనంలో కొన్నేళ్లు బోస్టన్‌లో ఉండి ఆ ఆట పట్టుకొచ్చాడు. నాలుగు గంటలకు రమ్మని నాలుగుంపావుకు వచ్చేవాడు. బస్సులు ఎందుకు ఆలస్యంగా నడుస్తాయో నాకు ఆయన్ను చూశాకనే తెలిసింది. మైదానమంటే ఇళ్లు కట్టడానికి చదును చేసి వదిలేసిన ఒక పొలం. గడ్డి, బురద, దూరాన రైలుకట్ట. ఆయన సున్నంతో గీసే వంకర గీతలు నా వెన్నులో సూదుల్లా గుచ్చుకునేవి. కాని విసిరేచోటు నుంచి కొట్టేచోటుకు దూరం ఎంతని అడిగితే, "అరవై అడుగుల ఆరంగుళాలు, సర్" అన్నాడు. ఆ ఆరు అంగుళాలు వినగానే ఆ ఆట మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. ఎవడో ఒకడు ఆ ఆరంగుళాలను వదలకుండా పట్టుకున్నాడు గదా అనిపించింది.

"మీ మనుమరాలి గ్లవ్ దగ్గరికి వెళ్తే నాకు ఆకలేస్తుంది" అని ఆయన నవ్వాడు. "కాని అలాంటి చెయ్యి నేను ఇరవై ఏళ్లలో చూడలేదు. ఆమెను జట్టులోకి తీసుకోకపోతే నేను బస్సు తోలడం కూడా మానేస్తాను."

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పక తప్పదు; తప్పు అక్కడ మొదలైంది.

మా అమ్మ నన్ను బడికి తీసుకుపోయిన రోజు. తాటాకు పాక, పేడతో అలికిన వాసన, పంతులుగారి నశ్యం వాసన. ఆయన నన్ను నిలబెట్టి, "కుడిచెయ్యి తలమీంచి తెచ్చి ఎడమచెవి అందుకోరా" అన్నాడు. చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు. నాకు అందలేదు. మెడ వంచి అందుకున్నాను. ఆయన చూసి కూడా ఊరుకున్నాడు.

"ఎప్పుడు పుట్టాడమ్మా వీడు?"

"గాలివాన వచ్చిన ఏడయ్యా. మినుములు పీకతా ఉన్నాం."

ఆయన కలం సిరాలో ముంచి, బడి తెరిచే నెల మొదటి తేదీ వేశాడు. మా తరగతిలో సగంమంది ఆ ఒక్కరోజునే పుట్టినవాళ్లం. ఆ తేదీతోనే నాకు ఉద్యోగం వచ్చింది, ఆ తేదీతోనే విరమణ జరిగింది. నేనూ పంతులునై, పెద్దపంతులునై, అలా ఎందరికో తేదీలు వేశాను. పుట్టుక తల్లిది, తేదీ బడిది అని నమ్మాను. గోడ మీద గీత అంగుళం తప్పితే సహించలేనివాణ్ని, పిల్లల వయసు నెలలకు నెలలు జరిపి, అది క్రమశిక్షణలో భాగమనుకున్నాను.

ఈ మనుమరాలు మా ఊళ్లోనే పుట్టింది. జననం నమోదు చేయించే పని నా మీద పెట్టి తల్లిదండ్రులు ఈ దేశానికి వచ్చేశారు. నేను ఆ పనిని పిల్లను బడిలో చేర్చే వేళ దాకా సాగదీశాను. అప్పుడు చూస్తే ఈడుకు అయిదు నెలలు తక్కువ. ఆగితే ఒక ఏడాది వృథా. కార్యాలయంలో గుమాస్తా నా పాత విద్యార్థి. లేచి నిలబడి, "ఏ తేదీ వేయమంటారు సార్?" అన్నాడు. వేయించాను. అయిదు నెలలు పెద్దదాన్ని చేశాను. ఆ అయిదు నెలల నడుమ ఒక సంవత్సరం మారిందన్న సంగతి ఆనాడు ఎవరికీ పట్టలేదు.

ఇంట్లో అది వేడుకైంది. బడి పుట్టినరోజుకు చాక్లెట్లు, ఇంటి పుట్టినరోజుకు పరమాన్నం. నా భార్య బతికున్నంతకాలం అసలు రోజున బెల్లం కాగే వాసన లేకుండా పొయ్యి ఆరలేదు. పిల్లకు అసలు రోజంటే అదే.

జట్టు ఎంపికైంది. పద్దెనిమిది మందిలో ఆమె పేరు ఉంది. రైలు దిగి ఇంటిదాకా పరుగెత్తుకొచ్చి, బురద బూట్లతో హాలులోకి వచ్చి, "తాతయ్యా, టోపీ!" అని ఒక్క మాట అన్నది. బూట్లు విప్పమన్నాను. అప్పుడు నేను అన్నది అదొక్కటే.

వారం గడిచాక, ప్రయాణం కోసమని పాస్‌పోర్ట్ నకళ్లు అడిగారు. జట్టు నియమం ప్రకారం ఫలానా సంవత్సరం మొదటి రోజున గాని, ఆ తరువాత గాని పుట్టి ఉండాలి. అసలు పుట్టుక ఆ గీతకు ఇవతల ఉంది. పాస్‌పోర్ట్‌లో నేను వేయించిన తేదీ అవతల, ముందటి సంవత్సరంలో ఉంది. క్లబ్బులో చేరేటప్పుడు ఫారం ఆమే నింపింది. తల్లి చదవకుండా సంతకం చేసింది. అందులో ఇంటి పుట్టినరోజు ఉంది. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవాడికి అర్థమయ్యేది ఒక్కటే, పిల్ల వయసు తగ్గించిందని.

"ఎప్పుడు పుట్టావని అడిగారు తాతయ్యా. పుట్టిందే రాశా" అన్నది. పెరట్లో గోడవైపు తిరిగి ఉంది. "రేపు కమిటీ పిలిచింది. నువ్వొచ్చి చెప్తావు గదా?"

"చెప్తాను" అన్నాను.

మర్నాడు బయలుదేరేముందు మా అమ్మాయి వంటింట్లో నన్ను ఆపింది.

"నాన్నా, పౌరసత్వం కాగితాలు గవర్నమెంటు ఆఫీసులో ఉన్నాయి. ఇప్పుడు నువ్వు పోయి పాస్‌పోర్ట్‌లో తేదీ తప్పని సాక్ష్యం చెప్తే, మా ముగ్గురి గతి ఏమవుద్దో ఆలోచించావా? దానికి ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు ఇంకో టీమ్ ఉంటది. నోరు తెరవమాక. నీకు దణ్ణం పెడతా."

క్లబ్బు గది తడిసిన కోట్ల వాసన, టీ వాసన. బల్ల వెనుక ముగ్గురు, పక్కన శిక్షకుడు. పిల్ల గోడవారన నిలబడి ఉంది, గ్లవ్ రొమ్ముకు ఆనించుకుని. నేను రైలులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకునే వచ్చాను: ఈ తేదీ ఇచ్చినవాణ్ని నేను, ఇది సరైనది కాదు. వ్యాకరణం రెండుసార్లు సరిచూసుకున్నాను.

"మీరు విద్యాశాఖలో పనిచేసిన పెద్దమనిషి అని విన్నాం" అన్నాడు నడుమ కూర్చున్న మనిషి. "మీ మాటను మేము నమ్ముతాం, సర్. ఏది సరైన తేదీ?"

అమ్మాయి దణ్ణం గుర్తుకొచ్చిందని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ముగ్గురు పరాయివాళ్ల ఎదుట, ఒక ప్రధానోపాధ్యాయుడు వేయించిన తేదీ దొంగ తేదీ అని ఒప్పుకోవడానికి నా నోరు రాలేదు. అంతే.

"పాస్‌పోర్ట్ అంటే పాస్‌పోర్టే" అన్నాను. "అందులో ఉన్నదే సరైనది."

శిక్షకుడు తల దించుకున్నాడు. నేను పిల్లవైపు చూశాను, చూడకుండా ఉండవలసింది. ఆమెను కమిటీవాళ్లు ఏదో అడిగితే, "గ్రాండ్" అన్నది.

ఆమె పేరు కొట్టేశారు. ఆ ఏడు ఆమె ఆడిన ఆటలన్నీ క్లబ్బు జట్టు ఓడినట్టు రాశారు. బయట నిలబడిన తోటి ఆటగాళ్లలో ఒకడు ఆమె దారికి అడ్డంగా కాలు చాచాడు. ఆమె దాటి వచ్చింది. రైలులో మరొక వరుసలో కూర్చున్నది. ఇంటికి రాగానే బకెట్‌తో నీళ్లు తెచ్చి గోడ కడిగింది. ఆ రోజు వాన లేదు.

మరుసటి ఏడు పెద్దపిల్లల జట్టుకు శిక్షకుడు స్వయంగా ఇంటికి వచ్చి పిలిచాడు. చెప్పిన వేళకే వచ్చాడు. ఆమె మేడమీంచి దిగలేదు. పౌరసత్వం వచ్చింది. ఆనాటి ఫొటోలో ముగ్గురూ జెండాలు పట్టుకుని ఉన్నారు, ఆమె కెమెరా వైపు చూడలేదు. లీవింగ్ సర్ట్ అనే ఇక్కడి బడి చివరి పరీక్షలో మా అమ్మాయి కోరినన్ని పాయింట్లు తెచ్చుకుని మరొక నగరంలో చదువుకు వెళ్లిపోయింది. సెలవులకు వస్తుంది. నాకు మందులు వేళకు ఇస్తుంది, జీపీ, అంటే ఇక్కడి డాక్టరు, దగ్గరికి తోడు వస్తుంది. నాతో తెలుగులో మాట్లాడటం మాత్రం క్లబ్బు గదిలో ఆగిపోయింది. మందుబిళ్లలు చేతిలో వేస్తూ "వన్, టూ" అని లెక్కపెడుతుంది.

మైదానం ఇప్పుడు లేదు. నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. కిందటి ఆదివారం నేను పులిహోర తిన్నది వాటిలో ఒకదానిలోనే. ఆమె విసిరే చోటు ఎక్కడ ఉండేదో నిర్ణయించడానికి రైలుకట్ట నుంచి అడుగులు వేసి చూశాను. ఎవరిదో కారు నిలిపే చోటు తగిలింది. పెరటి గోడ మాత్రం ఉంది. నాచు పట్టింది. గోటితో గీకి చూస్తే నాలుగు గాట్లూ దొరికాయి. స్కేలు పెట్టి కొలిచాను. పదిహేడు అంగుళాలే.

ఈ సాయంత్రం ఒక తెల్లకాగితం మీద ఎర్రసిరాతో, ఆమె పుట్టిన అసలు రోజూ, ఘడియా, పుట్టిన గది కిటికీలోంచి వినబడిన బడిగంటతో సహా రాసి, కింద నా పేరు, పూర్వపు హోదా, సంతకం పెట్టాను. జట్టులో చేరడానికి ఇది ఇక పనికిరాదని తెలుసు. గ్లవ్‌లో పెట్టి, కొబ్బరినూనె కాస్త రాసి, ఆమె ఉండే చిరునామాకు పార్శిల్ కట్టాను. రేపు పోస్టు చేస్తాను. ఆ పులిహోర పెద్దమనిషి ఇల్లు నాకు తెలుసు. ఎల్లుండి అక్కడికి వెళ్తాను, కొడుకు ఇంట్లో ఉన్న వేళ చూసుకుని.

ఈ రాతలో ఆటను గురించి, కొలతలను గురించి, ఈ దేశపు నియమాలను గురించి పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. తెలిసినవారు మొహమాటం లేకుండా దిద్దండి. నేను జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దినవాణ్ని. నా తప్పును ఎర్రసిరాతో నేనే దిద్దుకోవడం ఇదే మొదటిసారి. అందులోనూ తప్పుంటే అదీ చెప్పండి. ముఖ్యంగా, నేను తేదీలు వేసిన పిల్లల్లో ఎవరైనా దీన్ని చదివితే, మీ తల్లులు చెప్పిన అసలు రోజు నాకు రాసి పంపండి. ఒక్కొక్కటే దిద్దుకుంటూ వస్తాను.